ఊరూరా ఒక విస్తరి: ఇబన్ బటూటా జీవితయాత్ర

ఢిల్లీలో కాపురమున్న రోజుల్లో ఇబన్ బటూటాకు ఒక అలవాటు ఉండేది. మధ్య ఆసియా నుంచి వర్తకుల బిడారు నగరంలో దిగిందని తెలియగానే మనిషిని పంపి ఎండు ఖర్బూజా ముక్కలు కొనిపించుకునేవాడు. ఖ్వారజం నేలలో పండే ఆ కాయకు తొక్క ఆకుపచ్చ, కండ ఎరుపు. అక్కడివారు దాన్ని పొడవాటి చీలికలుగా కోసి, ఎండబెట్టి, రెల్లు బుట్టల్లో పేర్చి భారతదేశానికీ, చైనాకూ పంపేవారు. ఎండబెట్టిన పండ్లలో దానికి సాటి వచ్చేది లేదని ఆయన నమ్మకం. ఈ ఇష్టం సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ చెవిన కూడా పడింది. తనకు ఆ బుట్టలు అందినప్పుడల్లా సుల్తాను కొంత ఆయన ఇంటికి పంపించేవాడు. కొన్నేళ్ళ తరువాత అదే సుల్తాను అదే మనిషి చుట్టూ నలుగురు భటులను కాపలా పెట్టించాడు.

1304 ఫిబ్రవరి 25న మొరాకో తీరాన టాంజియర్‌లో, న్యాయాధికారులను అందించిన కుటుంబంలో పుట్టిన ఇబన్ బటూటాను చరిత్ర పుస్తకాలు యాత్రికుడిగా, తుగ్లక్ కొలువుకు సాక్షిగా పరిచయం చేస్తాయి. అది నిజమే. అయితే ఆయన యాత్రాగ్రంథాన్ని ఓపికగా చదివినవారికి మరో మనిషి కూడా కనిపిస్తాడు. ఏ ఊరు చేరినా అక్కడేం వండుతారు, ఎలా వడ్డిస్తారు, ఎవరు ఎవరితో కలిసి తింటారు, చివర ఏ తీపి పెడతారు అని చూసి గుర్తు పెట్టుకున్న భోజనప్రియుడు ఆయన. 1325 జూన్ 14న, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, హజ్ యాత్రకని ఒంటరిగా ఇల్లు విడిచాడు. తిరిగి వచ్చేసరికి ఇరవై నాలుగేళ్ళు గడిచాయి.

ఆ కాలపు బాటసారి తిండికి మూడు నాలుగు దారులుండేవి. ధర్మసంస్థల ఆశ్రమాలు, ధనవంతుల అతిథ్యం, రాజుల పంక్తి, అంగడిలో వండి అమ్మే భోజనం. ఇబన్ బటూటా ఈ నాలుగూ చవిచూశాడు. కైరోలోని సూఫీ ఆశ్రమాల్లో పొద్దున్నే వంటశాల సేవకుడు ఒక్కొక్క ఫకీరు దగ్గరికి వెళ్ళి ఆ రోజు ఏం కావాలో అడిగేవాడు. భోజనవేళకు ఎవరి రొట్టె, ఎవరి కూర వారికి విడిగా వడ్డించేవారు. వారానికొక రాత్రి చక్కెర మిఠాయి ఇచ్చేవారు. డమాస్కస్‌లో ఆయనకు నచ్చినది మరొకటి. వీధిలో ఒక బానిస బాలుడి చేతిలోని చైనా పింగాణీ పళ్ళెం జారి ముక్కలైంది. యజమాని కొడతాడని వాడు బెంబేలెత్తుతుంటే, ఎవరో ఆ పెంకులు ఏరించి, పగిలిన పాత్రల కోసమే ఏర్పాటైన ధర్మనిధి అధికారి దగ్గరికి తీసుకువెళ్ళారు. అక్కడ అలాంటిదే మరో పళ్ళెం కొనడానికి డబ్బు ఇచ్చారు. ఇంత చిన్న కష్టానికి కూడా ఒక నిధి ఉన్న ఊరిని ఆయన జీవితాంతం మెచ్చుకున్నాడు.

బాలబెక్కులో ద్రాక్షరసంతో చేసే తీపి, నబ్లూస్‌లో కరోబు కాయల మిఠాయి, బస్రాలో ఖర్జూరపు పాకం, ఇస్ఫహాన్‌లో నేరేడు కాదు, అప్రికాట్ పండ్లు: ఇలా ఒక్కో ఊరిని ఒక్కో రుచితో ఆయన గుర్తుంచుకున్నాడు. ఇస్ఫహాన్ యువకుల గురించి విన్న ముచ్చట మాత్రం నవ్వు తెప్పిస్తుంది. అక్కడ జట్లు జట్లుగా ఒకరినొకరు విందుకు పిలుచుకుంటూ పోటీ పడేవారు. ఒక జట్టు కొవ్వొత్తుల మంట మీదనే వంటంతా వండించింది. తిరుగు విందులో రెండో జట్టు పొయ్యిలో కట్టెలకు బదులు పట్టుబట్ట తగలబెట్టి వండించింది.

తూర్పు ఆఫ్రికా రేవు మొగదిషులో తిండే వ్యాపారానికి తొలి మెట్టు. ఓడ కనిపించగానే యువకులు చిన్న పడవల్లో మూత పెట్టిన పళ్ళేలతో ఎదురు వచ్చేవారు. ఎవరు ఏ వర్తకుడి చేతికి పళ్ళెం అందిస్తే ఆ వర్తకుడు వారి ఇంటి అతిథి, సరుకు అమ్మకం కూడా వారి మధ్యవర్తిత్వంతోనే. ఆ ఊళ్ళో ఆయనకు పెట్టినది నేతితో వండిన అన్నం, దాని మీద కోడి, మాంసం, చేప, కూరగాయల వంటకాలు, పాలలో ఉడికించిన పచ్చి అరటికాయ, పక్కన పెరుగు, నిమ్మ ఊరగాయ, మిరియాల గుత్తులు, అల్లం, మామిడి. అక్కడివారు ఒక్కొక్కరు ఒక గుంపు తినేంత తిండి తింటారని, అందుకే భారీకాయులని కూడా ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు.

ఇప్పటి టర్కీలోని లాదిక్ పట్టణంలో ఒకసారి ఆయన ప్రాణాలు పోయాయనే అనుకున్నాడు. బజారులో అంగళ్ళ నుంచి కొందరు దిగివచ్చి గుర్రాల కళ్ళేలు పట్టుకున్నారు. మరికొందరు వచ్చి వారితో తగవుకు దిగారు, కత్తులు కూడా దూశారు. భాష రాదు. దొంగలే అనుకుని వణికిపోయాడు. అరబ్బీ తెలిసిన ఒకాయన వచ్చి విప్పి చెబితే తెలిసింది, అవి అతిథులకు సేవ చేసే రెండు యువక సంఘాలని, కొత్తగా వచ్చిన బాటసారికి ముందు అన్నం పెట్టే హక్కు ఎవరిదన్నదే వారి కొట్లాట అని. చివరకు చీట్లు వేసుకుని సర్దుకున్నారు. గెలిచినవారు మొదటి రోజు, ఓడినవారు తరువాత భోజనం, పండ్లు, మిఠాయిలతో ముంచెత్తారు.

అక్కడి నుంచి ఉత్తరాన ఉజ్బెక్ ఖాన్ రాజ్యానికి వెళితే లోకం తలకిందులైంది. ఆ గడ్డి మైదానాల తురుష్కులకు తీపి తినడం నామోషీ. రంజాన్ మాసంలో ఆయన ఒక పళ్ళెం మిఠాయి తీసుకెళ్ళి ఖాన్ ముందు పెట్టాడు. ఖాన్ వేలితో తాకి నోటికి ఆనించుకున్నాడు, అంతే. కొలువులోని ఒక పెద్ద బానిసకు పిల్లలు, మనుమలు కలిసి నలభై మంది దాకా ఉండేవారు. మిఠాయి తింటే వారందరినీ విడుదల చేస్తానని ఖాన్ ఒకనాడు ఆశ చూపినా, చంపినా సరే తిననని ఆ బానిస తెగేసి చెప్పాడట. వాళ్ళు ప్రాణంగా తాగే పులిసిన గుర్రపు పాలు ఇబన్ బటూటాకు ఏమాత్రం రుచించలేదు.

1333 సెప్టెంబరు 12న ఆయన సింధు నది చేరాడు. ముల్తాన్ నుంచి ఢిల్లీకి నలభై రోజుల నడక. ఆ దారి పొడవునా సుల్తాను ఏర్పాటు చేసిన విందు భోజనమే. పల్చటి రొట్టెలు, పెద్ద ముక్కలుగా కాల్చిన మాంసం, లోపల హల్వా కూరి నేతిలో తేల్చిన గుండ్రటి రొట్టెలు, నెయ్యి, ఉల్లి, పచ్చి అల్లంతో వండిన కూర, నేతి అన్నం మీద కోడి. బాదం, పిస్తా, అక్రోటు, ఉల్లి, మసాలాలు కలిపిన మాంసం ముద్దను పల్చటి పిండిరేకులో చుట్టి నేతిలో వేయించిన సంబూసా తలా నాలుగైదు. ఈనాడు బస్టాండు టీ బడ్డీ మీద కనిపించే సమోసాకు అది పూర్వరూపం. అప్పటికి బంగాళాదుంప ఈ ఖండానికి రాలేదు గనుక దాని ఊసు లేదు. భోజనానికి ముందు చక్కెర పానకం, తరువాత బార్లీ పానీయం, ఆఖరున ఎర్ర పట్టుదారంతో కట్టిన పదిహేను తమలపాకుల కట్ట.

దర్బారు పంక్తి ఎంత ఘనమైనా, సామాన్యుల తిండిని కూడా ఆయన కళ్ళు వదల్లేదు. పెసరపప్పు, బియ్యం కలిపి వండి నెయ్యి వేసుకుని పొద్దున్నే తినే కిచిడీ, అంటే మన పులగం, ఇక్కడివారికి తమ దేశంలో ఉదయాన తాగే హరీరా లాంటిదని పోల్చాడు. పచ్చి మామిడికాయలు రాలితే ఏరి ఉప్పులో ఊరబెడతారని, పచ్చి అల్లాన్నీ మిరియాలనూ కూడా అలాగే ఊరవేసి ముద్ద ముద్దకూ కాస్త నంజుకుంటారని గమనించాడు. పనస, నేరేడు, తుమికి, ఇప్ప, నారింజ ఒక్కొక్కటీ వివరించాడు. దక్కన్‌లో దౌలతాబాద్ ద్రాక్ష, దానిమ్మ గురించి, నందుర్బార్ మరాఠాల అన్నం, ఆకుకూరలు, నువ్వుల నూనె గురించి చెప్పాడు. ఓరుగల్లును 1323లో జయించినది ఆయన కొలిచిన ఈ సుల్తానే, యువరాజుగా ఉన్నప్పుడు. ఆ యుద్ధం ముగిసి పదేళ్ళకు ఢిల్లీ వచ్చిన ఈ విదేశీయుడికి ఏడాదికి పన్నెండు వేల దీనార్ల జీతంతో న్యాయాధికారి పదవి దక్కింది. దాన్ని మించిన ఖర్చుతో యాభై అయిదు వేల దీనార్ల అప్పు కూడా పేరుకుంది.

ఆ తరువాత కరువు వచ్చింది. పుస్తకంలో విందుల పేజీలు తిప్పుతూ వచ్చినవారికి ఇక్కడ గుండె ఆగుతుంది. ఒకనాడు నగరం వెలుపల ముగ్గురు స్త్రీలు కనిపించారు. చచ్చి నెలలు గడిచిన గుర్రం తోలును కోసుకుని తింటున్నారు. తోళ్ళు వండి బజారులో అమ్మారు. పశువును కోసినప్పుడు కారే నెత్తురు కోసం జనం ఎగబడ్డారు. సుల్తాను ఆరు నెలల గ్రాసం ఇప్పించమని ఢిల్లీ అంతటికీ ఉత్తర్వు చేశాడు. అప్పుడు ఇబన్ బటూటా చేతిలో ఉన్నది సుల్తాన్ కుతుబుద్దీన్ ముబారక్ సమాధి నిర్వహణ. దానిమీద 460 మంది సిబ్బంది ఉండేవారు. రోజుకు పన్నెండు మణుగుల పిండి, అంతే మాంసం అనుకున్న లెక్క చాలదనిపించి ముప్పై అయిదుకు పెంచాడు. సిబ్బందికే కాక వచ్చిన ప్రతి బాటసారికీ పెట్టించాడు. ఈ మాట దూరప్రాంతాలకు పాకింది, సుల్తాను మెచ్చుకున్నాడు. దుబారా మనిషిగా పేరుపడిన ఆయన చేసిన ఖర్చుల్లో నిస్సందేహంగా సద్వినియోగమైనది ఇదే. తాను తిన్న ప్రతి పంక్తీ ఇతరులు పెట్టినదే అయిన మనిషి, ఒక్కసారి మాత్రం తానే ఊరికి అన్నం పెట్టాడు.

సుల్తాను మెచ్చుకోలు ఎక్కువ కాలం నిలవలేదు. రాజద్రోహిగా ముద్రపడి మరణశిక్షకు గురైన ఒక షేక్‌ను గతంలో కలిసినందుకు ఇబన్ బటూటాపై కాపలా పడింది. ఆ రోజుల్లో అయిదు దినాలు మంచినీళ్ళతో ఉపవాసం విడుస్తూ ప్రార్థనలో గడిపాడు. విడుదలయ్యాక ఉన్నదంతా పంచిపెట్టి, గుహలో నివసించే ఒక సాధువు దగ్గర చేరి ఫకీరు వేషంలో అయిదు నెలలు ఉన్నాడు. చివరకు సుల్తానే పిలిపించి చైనాకు రాయబారిగా పంపాడు.

ఆ దౌత్యం మొదట్లోనే చెడింది. ఇప్పటి అలీగఢ్ దగ్గర దోపిడీదారుల చేత చిక్కి, తప్పించుకుని, దారి తెలియక ఎనిమిది రోజులు తిరిగాడు. రేగుపళ్ళు, ఆవాకు తిని బతికాడు. రేగుముళ్ళు గీరుకున్న మచ్చలు చేతులపై చాన్నాళ్ళు మిగిలాయి. దాహానికి ఒక బావి దొరికితే తోడుకోవడానికి చెంబు లేదు. తలపాగా బట్టకు కాలి బూటు కట్టి నీళ్ళు తోడాడు. రెండోసారికి బూటు బావిలో పడిపోయింది. ఇక నడవలేని దశలో ఒక నల్లటి మనిషి ఎదురై, సంచిలోంచి వేయించిన శనగలు, కాసిన్ని బియ్యపు గింజలు తీసి పెట్టి, నీళ్ళిచ్చి, భుజాన వేసుకుని ఊరు చేర్చాడు. ఢిల్లీ దర్బారులోని వంటకాల చిట్టా కన్నా ఆ పిడికెడు శనగలే చదివేవారికి ఎక్కువగా గుర్తుండిపోతాయి.

మలబారు తీరం ఆయనకు అన్ని విధాలా కొత్త. దారి పొడవునా అర మైలుకొక చెక్క మండపం, కూర్చోవడానికి అరుగులు, నుయ్యి, నీళ్ళు పోసే మనిషి. మన చలివేంద్రం లాంటిదే. హిందువుకు పాత్రతో, ముస్లింకు దోసిట్లో నీళ్ళు పోసేవారు. దారిలోని ముస్లిం ఇళ్ళలో ఆయన వంటి బాటసారులకు భోజనం దొరికేది. హిందువులు పెట్టవలసి వస్తే అరటాకులో వడ్డించి, మిగిలినది కుక్కలకూ, పక్షులకూ వదిలేసేవారు. ఈ అంటుముట్టు గురించి ఆయన ఫిర్యాదు చేయలేదు, మెచ్చుకోనూ లేదు. చూసినది చూసినట్టు చెప్పి ముందుకు సాగాడు. కాలికట్టులో మిరియాలను జొన్నల్లా కుంచాలతో కొలుస్తుంటే చూసి ఆశ్చర్యపోయాడు. ఆయన దేశంలో అది విలువైన సరుకు.

కర్ణాటక తీరాన హొన్నావరులో సుల్తాను జమాలుద్దీన్ ఇచ్చిన భోజనాన్ని ఆయన వర్ణించిన తీరు తెలుగువారికి వింతగా అనిపించదు. పట్టుచీర కట్టిన పరిచారిక పెద్ద రాగి గరిటెతో అన్నం వడ్డించి, నెయ్యి పోసి, పక్కన మిరియాల గుత్తి, అల్లం, నిమ్మ, మామిడి ఊరగాయలు పెడుతుంది. ఒక ముద్ద అన్నం, వెంట కాస్త ఊరగాయ. అది అయిపోతే మరో గరిటె అన్నం, ఈసారి కోడికూర. తరువాత మరో అన్నం, చేపలు. ఆపై నేతిలోనూ పాలతోనూ వండిన కూరలు. చివర పెరుగు. పెరుగు వచ్చిందంటే ఇక వడ్డన అయిపోయినట్టే అని అర్థం. వానకాలంలో చన్నీళ్ళు పడవని పైన వేడినీళ్ళు ఇచ్చేవారు. మరోసారి ఆ ఊళ్ళోనే పదకొండు నెలలు రొట్టె ముఖం చూడకుండా గడిపాడు. మాల్దీవులు, సింహళం, తమిళ తీరం, మలబారు కలిపి మూడేళ్ళు అన్నమే. గోధుమ దేశంలో పుట్టిన మనిషికి చివరకు నీళ్ళు తాగితే తప్ప అన్నం గొంతు దిగని స్థితి వచ్చింది. దూరదేశంలో నెలల తరబడి ఇంటి తిండికి మొహం వాచిన వారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

అప్పటికే సుల్తాను కానుకల ఓడలు కాలికట్టు రేవులో తుపానుకు పోయాయి. ఒడ్డున మిగిలిన రాయబారి దగ్గర పది దీనార్లు, పడుకునే తివాచీ మాత్రమే ఉన్నాయి. ఢిల్లీకి తిరిగి వెళ్ళే ధైర్యం చాలలేదు. మాల్దీవుల్లో న్యాయాధికారి అయ్యాడు. కొబ్బరి, ఎండబెట్టిన చేప అక్కడి ప్రధాన ఆహారం. నలుగురిని పెళ్ళాడాడు. ఆ దీవుల ఆచారంలో భార్య భర్తతో కలిసి తినదు. తనతో కూర్చుని తినమని ఎంత ఒప్పించబోయినా కొందరే కూర్చున్నారు. మిగిలినవారు తింటుండగా చూడడం ఆయనకు చేతకాలేదు. బెంగాల్ చేరితే సరుకుల చవక చూసి అబ్బురపడ్డాడు. వెండి నాణెం దిర్హాముకు ఎనిమిది బలిసిన కోళ్ళు, లేదా పదిహేను పావురాలు. అదే ధరల జాబితాలో ఒక బానిస యువతి ధర కూడా ఉంది. ఆయనే ఒక బంగారు దీనారుకు ఒకరిని కొన్నాడు. ఆ వరుస రాయడానికి ఆయనకు తప్పుగా తోచలేదు. నేటి పాఠకుడు అక్కడ ఆగక తప్పదు.

సుమత్రా, చైనా చూసి వెనుదిరిగాడు. చైనా భాగం నిజంగా ఎంత చూశాడన్నది పండితుల్లో తగవుగానే ఉంది. 1348లో డమాస్కస్ చేరేసరికి తండ్రి పదిహేనేళ్ళ కిందటే పోయాడన్న కబురు తెలిసింది. ఊరిమీద ప్లేగు విరుచుకుపడింది. నగర పాలకుడు మూడు రోజుల ఉపవాసం ప్రకటించి, పగటివేళ బజారులో తిండి వండరాదని చాటించాడు. డమాస్కస్ జనంలో ఎక్కువమంది ఇంట్లో పొయ్యి వెలిగించరు, అంగడిలో వండినదే తింటారు. కాబట్టి బజారు పొయ్యిలు చల్లబడడం అంటే ఊరు ఊరంతా పస్తు. మూడో రోజు తరువాత ముస్లింలు ఖురాన్‌తో, యూదులు తోరాతో, క్రైస్తవులు బైబిలుతో కలిసి ఊరేగింపుగా నడిచారు. పళ్ళెం పగిలితే కొత్తది కొనిచ్చిన ఆ ఊరికి ఆయన మళ్ళీ వచ్చినది అలాంటి రోజున. 1349లో టాంజియర్ దగ్గరికి వస్తుండగా, తల్లి అదే ప్లేగుకు కొద్ది నెలల ముందు కన్నుమూసిందని తెలిసింది.

అయినా ఇంట నిలవలేదు. 1352లో సహారా దాటి మాలి రాజ్యానికి వెళ్ళాడు. అక్కడ ఆయన స్వభావంలోని మరో ముఖం బయటపడింది. చేరిన పది రోజులకు దుంప జాతి కాయతో చేసిన సంగటి తిని బృందంలో ఆరుగురూ జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. ఆయన రెండు నెలలు మంచాన పడ్డాడు. కోలుకున్నాక రాజు నుంచి కానుక వస్తోందని లేచి నిలబడితే, వచ్చినవి మూడు రొట్టెలు, వేయించిన గొడ్డు మాంసం ముక్క, సొరబుర్రలో పెరుగు. పట్టువస్త్రాలు, డబ్బు వస్తాయనుకున్న ఆయన పగలబడి నవ్వాడు. తుగ్లక్ పంక్తిలో పెరిగిన నాలుక అది. రేగుపళ్ళు తిని బతికిన ఎనిమిది రోజులు అప్పటికి మరుపున పడినట్టున్నాయి. అతిథిగా వచ్చి నాలుగు నెలలైనా ఏమీ ఇవ్వలేదని రాజునే నిలదీశాక, ఇల్లు, భత్యం దొరికాయి.

మొరాకో సుల్తాను అబూ ఇనాన్ ఆదేశంపై, 1355 డిసెంబరు నాటికి ఫెజ్ నగరంలో తన అనుభవాలను చెప్పడం ముగించాడు. ఇబన్ జుజయ్ అనే యువ పండితుడు వాటిని గ్రంథరూపంలోకి తెచ్చాడు. దారి దోపిడీల్లో రాతలు చాలా పోయాయి గనుక ఎక్కువ భాగం జ్ఞాపకం మీద ఆధారపడినదే. తేదీలు తారుమారయ్యాయి, కొన్ని నగరాల వర్ణనలు పాత యాత్రికుల పుస్తకాల నుంచి చేరాయి. హొన్నావరు వడ్డన వరుస, సంబూసాలో వేసిన గింజలు, ఖర్బూజా చీలికల రంగు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ చీలికలను వివరించేటప్పుడు మలాగా అత్తిపళ్ళతో పోల్చాడు, వినే మొరాకో శ్రోతలకు తెలిసినది అదే కనుక. గ్రంథం పూర్తయిన కొద్ది కాలానికే ఇబన్ జుజయ్ చిన్న వయసులో చనిపోయాడు. ఇబన్ బటూటా మొరాకోలోనే ఒక పట్టణంలో న్యాయాధికారిగా మిగిలిన సంవత్సరాలు గడిపి 1368లోనో, మరుసటి ఏడాదో మరణించాడు.